పాతయోడల బేరము

చౌకగా వచ్చిన యోడ చౌకయోడ కాదు. ఈ మాట చదివి పాఠకులలో కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. పాత ధాన్యపుమిల్లును వేలములో పాడుకొని, యంత్రములను బాగుచేయించుటకు పాటసొమ్మునకు రెండింతలు వ్యయపఱచినవారును, పూడిపోయిన కాలువ క్రింది పల్లపుభూమిని చౌకయని కొని పదియేండ్లు నీటికై వ్యాజ్యెమాడినవారును మన జిల్లాలలో లేకపోలేదు. వారికి మేము చెప్పబోవునది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. ఐనను ఓడ భూమివంటిది కాదు, మిల్లువంటిది కాదు. బీడుపడిన భూమి అక్కడనే యుండును. మూతపడిన మిల్లునకు గోడలైనను మిగులును. ఓడలోని లోపము మాత్రము నడిసముద్రమున బయటపడును. అప్పుడు అమ్మినవాడును, బేరము కుదిర్చినవాడును, అప్పిచ్చినవాడును ఒడ్డుననే యుందురు. కావున పాత తెరచాపయోడలను కొని బాగుచేయు విషయమును గూర్చి కొంత వివరముగా చర్చించుట యవసరమని మేము తలంచుచున్నాము.

ఈ చర్చకు ప్రసక్తి లేకపోలేదు. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు ఐరోపా, అమెరికా దేశములలోని కలిగినవారు జనసమ్మర్దమునకు దూరముగా నుండగోరి తెరచాపనావలకై యెగబడిరి. పాతనావలకు సయితము మంచి ధరలు పలికినవి. 2022 మొదలు వడ్డీలు హెచ్చగా ఆ వేడి చల్లారినది. ఎగబడి కొన్నవారిలో పలువురు బరువు దింపుకొన జూచిరి. ఇట్టి సంతలో ధర నావయొక్క విలువను చెప్పదు. అమ్మువాని యవసరమును మాత్రమే చెప్పును. విలువ తెలియవలెనన్నచో వేఱొక ప్రశ్న వేసికొనవలెను. దీనిని బాగుచేయు చేతులు ఎక్కడ నున్నవి? అవి మనవా, కూలికి తెచ్చినవా? ఈ వ్యాపారముయొక్క చరిత్రయంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

మొదట ఒక చిన్న యుదాహరణము. జాషువా స్లోకమ్ అను నావికుడు తెరచాపయోడలకు కప్తానుగా జీవితము గడపినవాడు. ఆవిరియోడలు వచ్చి ఆ వ్యాపారమును మ్రింగివేయగా, నడివయస్సున పనిలేనివాడయ్యెను. 1892లో ఒక పరిచితుడు తనకడ నొక యోడ కలదనియు, దానిని ఉచితముగా నిచ్చెదననియు, కొంచెము మరమ్మతు మాత్రము కావలయుననియు చెప్పెను. స్లోకమ్ అమెరికాలోని ఫేర్‌హేవెన్ అను ఊరికి పోయి చూడగా ఆ యోడ నీటిలో లేదు. పొలములో ఊతలపై నిలువబెట్టబడి, గుడ్డ కప్పుకొని, యేడేండ్లుగా శిథిలమగుచున్న ముసలినావ యది. ఆయన వెనుదిరుగలేదు. దాపున నున్న ఓకుచెట్టును నఱికి, అడుగుదూలము మొదలు పైపలకలవఱకు తన చేతులతోనే క్రొత్తగా నమర్చెను. ఇందులకు 13 నెలలు పట్టెను. వస్తువులకైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు. ఆ ‘స్ప్రే’ నావలో 1895 ఏప్రిలులో బోస్టను విడిచి, ఒంటరిగా భూగోళమును చుట్టి, 46,000 మైళ్లు నడిపి, 1898 జూనులో స్వదేశము చేరెను. అంతకుముందు అట్లు చేసినవా రెవ్వరును లేరు. ఈ కథను చెప్పువారందఱును 553 డాలర్లను జ్ఞాపక ముంచుకొందురు. 13 నెలలను మఱతురు. ఆ నెలలకు కూలి కట్టినచో ఉచితముగా వచ్చిన యోడయొక్క వెల యెంతయో తేలును.

ఇంతకంటె పెద్దదియు, వర్తకులకు మిక్కిలి పనికివచ్చునదియు నగు కథ ఉత్తర ఐరోపాలోని ఓలాండు దీవులది. ఫిన్లాండునకు చెందియు స్వీడిష్ భాష మాటలాడు ఆ చిన్న జాతికి మన తాలూకా యొక్కదానిలో నున్నంత జనమైనను లేదు. 1921లో నానాజాతి సమితి వారి భాషకును స్వపరిపాలనకును హామీ యిచ్చెను. ఆ దీవులలోని గుస్టాఫ్ ఎరిక్సన్ అను వాడు బాల్యమునుండియు ఓడలలో పనిచేసి, కప్తానై, 1913లో ఓడల యజమాని యయ్యెను. 1914–18 యుద్ధకాలమున జలాంతర్గాముల వాతబడి ఓడలు మునుగగా సరకు కేవులు ఆకాశము నంటినవి. తుప్పుపట్టిన తెరచాపయోడకు గూడ గిరాకి వచ్చినది. యుద్ధము ముగిసిన రెండేండ్లలోనే కేవులు కూలినవి. అందఱును అమ్మజూచుచున్న ఆ కాలముననే ఎరిక్సన్ కొనసాగెను. 1902లో జర్మనులు శిక్షణనావగా కట్టిన ‘హెర్జోగిన్ సెసీలీ’ యను నాలుగు కొయ్యల పెద్దయోడ యుద్ధపరిహారముగా ఫ్రాన్సు చేతికి చిక్కియుండెను. దానిని 1921లో 4,250 పౌనులకు కొనెను. అమెరికాలో యేండ్లతరబడి పనిలేక కట్టివేయబడియున్న ‘మొషూలు’ను 1935లో 12,000 డాలర్లకు కొనెను. 1930 తరువాతి కాలమున ప్రపంచములో మిగిలిన పెద్ద తెరచాపయోడలలో పెద్దపాలు ఆయనవే.

చౌకగా కొనుటయే ఆయన రహస్యమైనచో ప్రతి తుక్కువర్తకుడును ఎరిక్సన్ అయియుండవలసినది. నిజము వేఱు. ఏ యోడ యెముకలు గట్టివో ఆయనకు పుస్తకములు చూడనక్కఱలేకయే తెలియును. ఇతరులు తమ ఓడలను విఱుగగొట్టుచుండగా వాని మోకులను, తెరచాపలను, అడ్డుకొయ్యలను సేకరించి తన ఓడలకు వాడుకొనెను. అన్నిటికంటె ముఖ్యముగా, పాతయోడకు తగిన వ్యాపారమును వెదకిపట్టెను. దక్షిణ ఆస్ట్రేలియాలోని స్పెన్సరు సింధుశాఖ తీరమున చిన్న రేవులు కలవు. అక్కడ గోదుమలు మెల్లమెల్లగా ఓడ కెక్కును. మూడు నాలుగు నెలలు ఆలస్యముగా ఐరోపా చేరినను ధాన్యము చెడదు. బొగ్గు ఖర్చు లేని తెరచాపయోడ అక్కడ కదలెడి గిడ్డంగివలె పనిచేసెను. తొందరగల సరకును ఆవిరియోడలకు విడిచి, తొందరలేని సరకును ఆయన పట్టుకొనెను. వ్యాపార మనిశ్చితమైనప్పుడు వేగముతో పోటీపడక, వేగ మక్కఱలేని చోటును చూచుకొనుట వివేకము.

ఐనను ఎరిక్సన్ పద్ధతినంతటిని మేము పొగడజాలము. ఆయన తన ఓడలకు భీమా చేయించెడివాడు కాదు. పాతయోడల భీమారుసుము లాభమును తినివేయునని యాయన లెక్క. ‘హెర్జోగిన్ సెసీలీ’ 1936 ఏప్రిలులో ఇంగ్లండు దక్షిణతీరమున రాళ్లకు తగిలి నాశమైనప్పుడు ఆ నష్టమంతయు ఆయనపైననే పడెను. అది ఆయన సొమ్ము, ఆయన యిష్టము. కాని ఆయన ఓడలలో పలువురు కుఱ్ఱవాండ్రు తామే ప్రీమియము చెల్లించి పనిచేసెడి అప్రెంటిసులు. కూలి తగ్గించి నడపెడి వ్యాపారమున యజమాని పొదుపుచేసిన ప్రతి రూపాయలోను కళాసీయొక్క శ్రమ కొంత కలదని మఱువరాదు. పాతయోడల లాభమును లెక్కించువారు ఈ పద్దును తఱుచుగా వ్రాయరు.

ఆయన విడిచిన ఓడలు ఇతరుల చేతులలో నేమైనవో చూచిన పాఠము పూర్తియగును. 1932లో ఎరిక్సన్ కొనిన ‘లావెనీర్’ను 1937లో జర్మనులు తీసికొని, ‘అడ్మిరల్ కార్ప్‌ఫాంగర్’ అని పేరు మార్చి, శిక్షణనావగా దిద్దిరి. 1938లో ఆస్ట్రేలియా నుండి గోదుమలతో బయలుదేరిన ఆ యోడ 60 మందితో కూడ అదృశ్యమయ్యెను. 1905లో హాంబర్గునందు కట్టబడిన ‘పామీర్’ 1949లో తన కడపటి గోదుమ ప్రయాణమును ముగించెను. 1951లో తుక్కువర్తకుల చేతిలో నున్న దానిని ఒక జర్మను యజమాని విడిపించి, యంత్రమును పెట్టించి, విశేషవ్యయముతో బాగుచేయించి, ఆ యప్పులలో తానే కూరుకుపోయెను. తరువాత ఓడల యజమానులు కొందఱు కూడి దానిని నడపిరి. 1957 సెప్టెంబరు 21న అట్లాంటికు తుపానులో అది మునిగెను. 86 మందిలో 80 మంది మరణించిరి. వారిలో పలువురు శిక్షణకు వచ్చిన బాలురు. సంచులకెత్తక రాశిగా పోసిన బార్లీ ఒకప్రక్కకు జరుగుట ఆ ప్రమాదమునకు ముఖ్యకారణమని విచారణలో తేలెను. ఓడను దిద్దుటకు ధనము దొరకినది. ఓడను నడపు పాతనేర్పు మాత్రము ధనముతో రాలేదు.

ఇక నావను కొనగోరువాడు చేయవలసినదేమి? చూపునకు మొదట తగులునది రంగు. దానిని కడపట చూడవలెను. ఒడ్డున కెక్కించి అడుగుభాగమును పరీక్షింపక బేరము ముగింపరాదు. కొయ్యనావయైనచో చిన్నసుత్తితో పలకలను తట్టి వినవలెను. గట్టికొయ్య గట్టిగా పలుకును. కుళ్లినకొయ్య మందముగా మూల్గును. ఉప్పునీటికంటె వాననీరు కొయ్యను త్వరగా కుళ్లజేయును గనుక, పైతట్టున నీరు నిలుచు మూలలను ముందు చూడవలెను. నీటిక్రింద కొయ్యను తొలుచు పురుగును, తుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను తినివేయు ఇనుపమేకులును కొయ్యనావకు ప్రబలశత్రువులు. ఫైబర్‌గ్లాసు నావ కుళ్లదని యమ్మువారు చెప్పుదురు. నిజమే, కాని యేండ్లతరబడి నీటిలో నున్నచో దాని పొరలలోనికి నీరు చేరి పొక్కులు లేచును. పైతట్టు పొరలనడుమ తేలికకొయ్య పెట్టి కట్టిన నావలలో ఆ కొయ్య నాని మెత్తబడును. నడచి చూచిన కాలికి తెలియును. తెరచాపకొయ్యను నిలబెట్టు ఉక్కుతీగ మోకులు బయటకు తళతళలాడుచుండగనే కొనలకడ లోలోపల పగులును. పది పదునైదేండ్ల కొకసారి వానిని మార్చవలెనని పరీక్షకుల సామాన్యాభిప్రాయము. ఈ పరీక్షచేయు నిపుణుని కొనువాడే తన సొమ్మిచ్చి నియమించుకొనవలెను. అమ్మువాడు చూపిన నిపుణుడు అమ్మువాని మనిషి.

ధనము సంగతియు చెప్పవలసియున్నది. చేతనున్నదంతయు నావ ధరక్రింద నిచ్చినవాడు నావను కొనలేదు, చింతను కొనెను. ఉన్నసొమ్మును మూడుపాళ్లు చేసి, ఒకపాలు ధరకును, ఒకపాలు మరమ్మతునకును, ఒకపాలు మరమ్మతులో బయటపడు మరమ్మతునకును ఉంచుకొనవలెనని మా సలహా. అప్పుచేసి కొనుట కూడదు. ధరలు పడిపోవుచున్న కాలమున నావ విలువ ఏటేట తగ్గును. అప్పు మాత్రము తగ్గదు. ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అన్న పెద్దలు సముద్రము నెఱిగినవారైనచో మూడవ మాటయు చేర్చియుందురు.

ఇట్లు జాగ్రత్తపడినంత మాత్రమున సర్వము సుఖమని మేము చెప్పజాలము. 2022 సెప్టెంబరులో ఫ్రాన్సునుండి ‘గోల్డెన్ గ్లోబ్’ పందెము బయలుదేరినది. 1988కి పూర్వపు నమూనాల నావలలో, ఒంటరిగా, ఎక్కడను ఆగక భూమిని చుట్టవలెనని దాని నియమము. దక్షిణాఫ్రికా వనిత కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ కెనడా తీరమున ‘మిన్నెహాహా’ యను పాతనావను కొని, అక్కడనే సుమారొక సంవత్సరము దగ్గఱనుండి బాగుచేయించుకొని, తానును పనిచేసి పందెమునకు దిగినది. ఫిన్లాండు నావికుడు టాపియో లెహ్టినెన్‌గారి ‘ఆస్టేరియా’ యును శ్రద్ధతో బాగుచేసిన పాతనావయే. నవంబరులో హిందూమహాసముద్రపు దక్షిణభాగమున అది కొద్దినిమిషములలో మునిగిపోగా, ఆయనను ప్రాణములతో కాపాడినవారిలో మొదట చేరినది మిన్నెహాహాయే. 2023 ఏప్రిలు 27న ఆమె ప్రథమురాలుగా ఒడ్డు చేరినది. మన భారతనావికుడు, కేరళీయుడు, అభిలాష్ టామీ 29న ద్వితీయుడుగా చేరెను. పదునాఱుగురు బయలుదేరగా ఎక్కడను ఆగక ముగించినవారు ముగ్గురే. మంచి మరమ్మతు విజయమునకు హామీ కాదు. కాని అది లేనివానికి పందెమే లేదు.

ఈ కథలతో మనకేమి పని యని యడుగువారు కలరు. మన జాతీయ నౌకావ్యాపారము ఆరంభమైనదే ఒక పాతయోడతో. 1919 ఏప్రిలు 5న సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ బొంబాయినుండి లండనునకు బయలుదేరినది. ఆ దినమునే నేడు జాతీయ నౌకాదినముగా జరుపుకొనుచున్నాము. ఆ యోడ 1891లో ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ యను పేర కట్టబడి, పసిఫిక్ సముద్రమున కెనడావారికి పనిచేసి, గ్వాలియరు మహారాజు చేతికి వచ్చి, యుద్ధమున ఆసుపత్రియోడయై, పిమ్మట వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మురార్జీ మున్నగువారికి దక్కినది. అది ఆవిరియోడ, ఐనను పాఠ మొక్కటే. 1921లో దానిని కట్టివేసిరి. 1923లో తుక్కుక్రింద అమ్మిరి. లెక్కలు చూచువాడు దానిని నష్టమనును. మేము అట్లనము. పరుల యోడలపై శాశ్వతముగా ఆధారపడరాదని నేర్చుకొనినవారే 1941 జూను 21న మన విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు రాజేంద్రప్రసాదుగారిచే పునాది వేయించిరి. 1948 మార్చి 14న నెహ్రూగారు అక్కడ ‘జల ఉష’ను నీటిలోనికి దింపిరి. పాతయోడ మునిగినను, తుక్కైనను, దానివలన నేర్పు మిగిలినచో అది నష్టము కాదు.

ఆ నేర్పు ఆంధ్రులకు పరాయిది కాదు. 17వ శతాబ్దమున టామస్ బౌరీ యను ఆంగ్లనావికుడు నరసాపురమున మంచికలపయు, ఇనుమును, పనివాండ్రును దొరకుటచే ఆంగ్లవర్తకులు అక్కడ ఓడలు కట్టించుకొనుచుండిరని వ్రాసియున్నాడు. 1802లో ఎబెనెజర్ రోబక్ అనువాడు కోరంగిలో ఓడలు బాగుచేయు రేవుగుంటను త్రవ్వించెను. కలకత్తాకును సింహళములోని త్రికోణమలకును నడుమ పెద్దయోడలు మరమ్మతునకై యెక్కగల చోటు ఒకకాలమున కోరంగి యొక్కటియే. 1839 నవంబరు తుపాను ఆ పట్టణమును ముంచెను. గోదావరి ఒండ్రు ఆ రేవును పూడ్చెను. ఆవిరియోడలు మిగిలిన వ్యాపారమును హరించెను. శాతవాహనుల నాణెములపై నున్న ఓడబొమ్మను చూచి గర్వించుట మనకు అలవాటు. కోరంగి రేవుగుంటను తలచుకొని సిగ్గుపడుట మాత్రము అలవాటు కాలేదు.

నేటికిని తాళ్లరేవు ప్రాంతమున కొయ్యపడవలు కట్టు చేతులు కొన్ని మిగిలియున్నవి. మత్స్యకారులు ఫైబర్‌గ్లాసు పడవలకు మఱలుటచేతను, మంచికలప ప్రియమగుటచేతను వారి పని తఱిగిపోవుచున్నది. 2025 మే 21న మన నౌకాదళము కార్వారున ‘కౌండిన్య’ యను కుట్టుపలకల తెరచాపయోడను స్వీకరించినది. అజంతా చిత్రములోని యోడను చూచి, మేకులు లేక పలకలను త్రాళ్లతో కుట్టి, కేరళ వడ్రంగులు దానిని నిర్మించిరి. కేరళవారి చేతులకు ఆ గౌరవము దక్కుట న్యాయమే. తెలుగుచేతులకు ఎప్పుడు దక్కును?

కావున మా సూచన యిది. ధనవంతులైన భూస్వాములును, పట్టణములలోని వర్తకులును విదేశపు సంతలో చౌకపడిన నావను తెచ్చి రేవున అలంకారముగా కట్టుకొనుటవలన దేశమునకు లాభము లేదు, వారికిని లేదు. పదిమంది కూడి, అప్పుచేయక, మొండెము గట్టిగానున్న పాతనావ యొకదానిని కొని, కాకినాడలో తాళ్లరేవు వడ్రంగుల చేతనే దానిని బాగుచేయింపుడు. పాలిటెక్నిక్ విద్యార్థులను కొందఱిని వారికడ పనికి పెట్టుడు. ముసలి మేస్త్రీకి న్యాయమైన కూలి యిండు. ప్రీమియము చెల్లించి పనిచేయు అప్రెంటిసుల కాలము పోవుగాక. ప్రభుత్వము గూడ పెద్దరేవుల సంగతియే కాక, చిన్ననావల మరమ్మతునకు తగిన చోటును, పరీక్షకులను సమకూర్చవలెను. ఇందువలన లాభము వచ్చునా యని యడిగినచో, మొదటి నావపై రాకపోవచ్చునని ఇప్పుడే చెప్పుచున్నాము.

కాని ఒక లెక్క మాత్రము నిశ్చయము. సంత పెరుగును, తఱుగును. పాతయోడ ఎప్పుడును దొరకును. దానిని బాగుచేయు మేస్త్రీ మరణించినచో ఆయన నేర్పును ఏ వేలములోను పాడుకొనలేము. కొనదలచినవారు ధర యడుగుటకు ముందు ఆ మేస్త్రీని వెదకుదురుగాక.